నాక్సోస్‌లో ఐదు రాత్రులు: ముందు గాలి ఎటుందో చూడండి, తర్వాతే బీచ్

మీ ప్రశ్నలో చాలా విషయాలున్నాయి కాబట్టి నాకు అర్థమైంది ముందు చెప్తాను. సెప్టెంబర్ రెండో వారంలో గ్రీస్‌లోని నాక్సోస్ దీవిలో ఐదు రాత్రులు. మీరిద్దరూ, తొమ్మిదేళ్ళ పాప, 66 ఏళ్ళ అత్తగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, గుడ్డు కూడా ముట్టని శాకాహారం. ఏ బీచ్‌లకి వెళ్ళాలి, ఏం చూడాలి, ఏం చేయాలి, మధ్యలో ఒకరోజు సాంటోరిని దీవికి వెళ్ళి రావచ్చా అని అడిగారు.

నేను విశాఖ వాడిని. చాలా ఏళ్ళు ఓడల మీద ఇంజినీరుగా తిరిగి, తర్వాత ఏడేళ్ళు పిరయస్‌లో ఆఫీసు ఉద్యోగం చేశాను. ఏథెన్స్‌ని ఆనుకుని ఉండే పెద్ద రేవు అది. దీవులకి వెళ్ళే ఫెర్రీలు ఎక్కువగా అక్కడి నుంచే బయల్దేరతాయి. మూడు రోజులు వరసగా సెలవు దొరికితే చాలు, మా ఆవిడా నేనూ నాక్సోస్ ఫెర్రీ ఎక్కేసేవాళ్ళం. ఒకసారి మా అమ్మని కూడా తీసుకెళ్ళాను. అందుకని మోకాళ్ళ సంగతి, పెరుగన్నం సంగతి రెండూ అనుభవమే.

సాంటోరిని సంగతి ముందు తేల్చేద్దాం. ఒక్కరోజులో వెళ్ళి రావడం వద్దు. పెద్ద ఫెర్రీలో ఒకవైపే దాదాపు రెండు గంటలు, పైగా ఫెర్రీలు ఆలస్యమవడం మామూలే. అక్కడ దిగాక రేవు నుంచి కొండ పైకి బస్సు, పైన జనం, మెట్లు. అత్తగారు సాయంత్రానికి కూలబడిపోతారు. సాంటోరిని చూడకుండా ఇంటికి వెళ్ళలేము అనుకుంటే ఐదు రాత్రుల్లో చివరి రెండూ అక్కడ పెట్టుకుని, అక్కడి నుంచే విమానంలో ఏథెన్స్ వెళ్ళిపోండి. నా మాట వింటే మాత్రం ఐదూ నాక్సోస్‌లోనే ఉండండి. సాంటోరిని చూడ్డానికి బాగుంటుంది, నాక్సోస్ ఉండడానికి బాగుంటుంది. సిక్లడీస్ దీవులన్నిట్లోకీ ఇదే పెద్దది, 430 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. టూరిస్టులు రాకపోయినా బతకగల దీవి. ఆలుగడ్డలు, జున్ను (చీజ్), ఆలివ్ నూనె, పాలరాయి, అన్నీ ఇక్కడివే. అక్టోబర్ దాటాక తాళాలేసుకుని వెళ్ళిపోయే ఊళ్ళు కావివి.

ఇప్పుడు అసలు విషయం, గాలి. ఏజియన్ సముద్రం మీద వేసవంతా ఉత్తరం నుంచి వీచే గాలిని మెల్టేమి అంటారు. జూలై, ఆగస్టుల్లో ఉధృతంగా ఉంటుంది. సెప్టెంబర్‌లో తగ్గుముఖం పడుతుంది కానీ రెండు మూడు రోజుల విడత రాదని చెప్పలేం. ఆకాశంలో ఒక్క మబ్బు ఉండదు, ఎండ ఫెళఫెళలాడుతుంటుంది, గాలి మాత్రం గొడుగుల్ని పీకేస్తుంటుంది. కొత్తవాళ్ళు తుఫానేమో అని కంగారు పడతారు. కాదు, అది అక్కడి మామూలు వాతావరణమే. బాల్కన్ వైపు ఎక్కువ పీడనం, టర్కీ వైపు తక్కువ పీడనం, మధ్యలో గాలి పరుగు. టర్కీ మీది ఆ అల్పపీడనం మన దక్షిణాసియా వేసవి అల్పపీడనానికి పడమటి కొస లాంటిది. అంటే మనకి వానలు తెచ్చే నైరుతి రుతుపవనానికీ, నాక్సోస్‌లో మీ టోపీ ఎగరేసే గాలికీ దూరపు చుట్టరికం ఉందన్నమాట.

ఈ గాలికి తగ్గట్టు ప్లాన్ వేసుకుంటే టెన్షన్ ఉండదు. రోజూ రాత్రి ఫోన్‌లో మర్నాటి గాలి చూడండి. గాలి జోరుని కొలిచే బోఫోర్ స్కేలులో 3, 4 ఉంటే ఏ బీచ్‌కైనా వెళ్ళొచ్చు. 5 దాటితే ఉత్తర గాలికి చాటుగా ఉన్న బీచ్‌కే వెళ్ళండి. 6, 7 అని ఉంటే సముద్రాన్ని వదిలేసి కొండ ఊళ్ళకి పొండి. ఏ రోజు ఏం చేయాలో ఇండియాలో కూర్చుని ఎక్సెల్ షీటులో రాసుకోవద్దు. బీచ్ రోజులు మూడు, కొండ రోజులు రెండు అనుకోండి. ఏది ఎప్పుడన్నది గాలి చెప్తుంది.

ఇక వెళ్ళడం. పిరయస్ నుంచి పెద్ద ఫెర్రీలో ఐదు, ఐదున్నర గంటలు పడుతుంది. హైస్పీడ్ పడవల్లో మూడున్నర నుంచి నాలుగు. గంటన్నర కలిసొస్తుంది కదా అని అందరూ హైస్పీడ్ తీసుకుంటారు. నేను మాత్రం పెద్ద ఓడే ఎక్కమంటాను. పెద్ద ఓడ అలల్ని తొక్కుకుంటూ పోతుంది, పైన డెక్ మీద తిరగొచ్చు, పాపకి సిరోస్, పారోస్ లాంటి దీవులు దారిలో కనిపిస్తాయి. చిన్న పడవలో సీటుకి అతుక్కుని కూర్చోవాలి, గాలి రోజున కడుపులో తిప్పుతుంది. పైగా గాలి ముదిరితే ముందు ఆగిపోయేవి అవే. కోస్ట్‌గార్డ్ ఓడల్ని కదలనివ్వకపోతే దాన్ని అపగొరెఫ్తికో అంటారు. ఈ ఒక్క గ్రీకు మాట మాత్రం గుర్తుంచుకోండి, రేవులో ఎవరి నోటైనా వినబడితే టికెట్ ఆఫీసుకి పరుగెత్తాలి.

ఏథెన్స్ ఎయిర్‌పోర్టు నుంచి పిరయస్ దాకా మెట్రో నేరుగా ఉంది, గంట పడుతుంది. రాత్రిపూట దిగితే ఎక్స్96 బస్సు ఇరవైనాలుగు గంటలూ నడుస్తుంది. పిరయస్ చాలా పెద్ద రేవు, గేట్ల మధ్య కిలోమీటర్లు నడవాల్సి రావచ్చు. టికెట్ మీద గేటు నంబర్ చూసుకుని, గంట ముందే చేరండి. ఓడ గ్యారేజీ లాంటి వెనక ద్వారం నుంచి ఎక్కుతారు. సూట్‌కేసులు అక్కడే దీవి పేరు రాసి ఉన్న అరలో పెట్టేసి పైకి వెళ్ళాలి. దిగేటప్పుడు ఓడ మన కోసం ఆగదు. తలుపు దించిన కొద్ది నిమిషాల్లోనే మళ్ళీ ఎత్తేస్తారు. పేరు పిలవగానే కిందికి దిగి నిలబడండి, అత్తగారిని ముందు పంపండి. ఏథెన్స్ నుంచి చిన్న విమానాలు కూడా ఉన్నాయి, ముప్పావు గంటలో దింపేస్తాయి. ఆవిడకి ఓడ పడదనుకుంటే ఒకవైపు అలా పెట్టుకోండి.

ఎక్కడ ఉండాలంటే, మీ నలుగురికీ అయియా అన్నా గానీ అయియోస్ ప్రొకోపియోస్ గానీ. రెండూ పక్కపక్క ఊళ్ళే. రేవు ఉన్న ప్రధాన పట్టణం ఖోరా నుంచి ఐదారు కిలోమీటర్లు, బస్సులు తరచుగా ఉంటాయి. హోటల్ గది కాకుండా చిన్న వంటగది ఉన్న స్టూడియో తీసుకోండి. ఎందుకో తిండి దగ్గర చెప్తాను. ఖోరాలో ఉంటే సాయంత్రాలు సందడిగా ఉంటాయి గానీ కోట వైపు ఇళ్ళన్నీ మెట్లే. బుక్ చేసేముందు ఎన్ని మెట్లు ఎక్కాలో అడిగి మరీ తీసుకోండి. మా అమ్మని తీసుకెళ్ళినప్పుడు ఫొటోలు చూసి ముచ్చటపడి కోట పక్కన గది తీసుకున్నాను. 58 మెట్లు. ఆవిడ ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

బీచ్‌లు దాదాపు అన్నీ పడమటి ఒడ్డునే వరసగా ఉన్నాయి. ఖోరాని ఆనుకుని ఉన్నది అయియోస్ యోర్యోస్. చాలా దూరం మోకాలి లోతే, పిల్లలకి అంతకంటే సుఖమైన చోటు లేదు. దాని దక్షిణపు కొసలో నీళ్ళు మడుగులా ఉంటాయి, గాలి మాత్రం బాగా వీస్తుంది, విండ్ సర్ఫింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళంతా అక్కడే తడబడుతుంటారు. పాపకి సరదా ఉంటే ఒక గంట పాఠం పెట్టించండి.

అయియోస్ ప్రొకోపియోస్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇసుక ముతకగా ఉంటుంది, ఒంటికి అంటుకోదు. నీళ్ళు అద్దంలా ఉంటాయి. పక్కనున్న స్తెలీదా కొండ ఉత్తర గాలికి అడ్డం నిలబడుతుంది కాబట్టి మిగతా చోట్ల అల లేస్తున్న రోజున కూడా ఇక్కడ ఈత కొట్టొచ్చు. ఒకటే జాగ్రత్త, నాలుగడుగులు వేసేసరికే లోతు వస్తుంది. ఈత రాని పాపని ఒంటరిగా వదలొద్దు. ఆ స్తెలీదా కొండకి ఇంకో విశేషం ఉంది. అక్కడ దొరికిన రాతి పనిముట్లను బట్టి దాదాపు రెండు లక్షల ఏళ్ళ క్రితమే మనుషులు ఆ రాయి కోసం వచ్చారని 2019లో పరిశోధకులు ప్రకటించారు. మనం వెళ్ళేది సన్‌బెడ్ కోసం, వాళ్ళు వెళ్ళింది చెకుముకి రాయి కోసం.

అయియా అన్నా చిన్నది, చేపల పడవలు, ఒడ్డునే హోటళ్ళు. దాని తర్వాత మొదలయ్యేది ప్లాకా, నాలుగు కిలోమీటర్ల పొడవు. పొద్దున్నే నడవడానికి దీన్ని మించింది లేదు. ఉత్తరపు సగంలో కుటుంబాలు ఉంటాయి. దక్షిణంగా పోయేకొద్దీ జనం పలచబడతారు, అక్కడక్కడా బట్టల్లేకుండా ఎండ కాగేవాళ్ళు కనిపిస్తారు. ఎవరూ ఎవర్నీ పట్టించుకోరు. అత్తగారితో నడిచేటప్పుడు ఎక్కడ వెనక్కి తిరగాలో మీకే తెలిసిపోతుంది.

ఇంకా కిందికి వెళ్తే మిక్రీ వీగ్లా. గాలి పాఠం నేర్చుకోవాలంటే ఈ ఒక్క చోటు చాలు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక చిన్న కొండ, దానికి ఉత్తరాన ఒక బీచ్, దక్షిణాన ఒక బీచ్. ఉత్తరం వైపు పార్థేనాలో కైట్ సర్ఫింగ్ వాళ్ళు గాలిపటాల్లా ఎగురుతుంటారు. ఐదు నిమిషాలు నడిచి దక్షిణం వైపుకి వస్తే తువ్వాలు కూడా కదలదు. పాపకి అటు చూపించి ఇటు ఈత కొట్టించండి.

అలికో నాకు ఇష్టమైనది, కానీ అందరికీ చెప్పను. దేవదారు వనం అంటారు గానీ నిజానికి అవి జూనిపర్ చెట్లు. వాటి మధ్య ఇసుక దారులు, రాళ్ళ కింద చిన్న చిన్న కడవల్లాంటి తీరాలు. హోటళ్ళు, గొడుగులు ఉండవు, నీళ్ళు మీరే పట్టుకెళ్ళాలి. పైన ఎప్పుడో మొదలుపెట్టి వదిలేసిన హోటల్ తాలూకు కాంక్రీటు గోడలు, నేను చూసినప్పుడు వాటి నిండా బొమ్మలున్నాయి. ఈ దీవిలో సగంలో ఆపేసిన వాటికే పేరు ఎక్కువ, ఆ మాట కింద మళ్ళీ వస్తుంది.

ఉత్తరాన అపోలోనాస్, తూర్పున ముత్సూనా కూడా ఉన్నాయి. ఈత కోసం అంత దూరం వెళ్ళక్కర్లేదు, వేరే పని మీద ఆ వైపు వెళ్తే ఒక మునక వేయండి.

మన ఆర్‌కే బీచ్ చూసి పెరిగినవాళ్ళకి సముద్రం అంటే లోపలికి లాగేసేది అన్న భయం ఉంటుంది. ఏజియన్‌లో ఆటుపోట్లు దాదాపు లేనట్టే, గాలి లేని రోజున చెరువులా ఉంటుంది. కానీ గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే చోట గాలి నింపిన బొమ్మల మీద, ట్యూబుల మీద పిల్లల్ని వదలకండి. నీళ్ళు లాగవు, గాలి లాక్కుపోతుంది. రాళ్ళున్న చోట సముద్రపు ముళ్ళకాయలుంటాయి, నల్లగా బంతుల్లా. రబ్బరు చెప్పులు వేసుకునే దిగండి. నీళ్ళు మన బంగాళాఖాతంలా గోరువెచ్చగా ఉండవు. సెప్టెంబర్‌లో 23, 24 డిగ్రీలు. దిగగానే ఒళ్ళు ఝల్లుమంటుంది, రెండు నిమిషాలకి హాయిగా ఉంటుంది. మే నెల కంటే ఇదే నయం, ఎండాకాలమంతా కాగిన నీళ్ళు కదా.

సన్‌బెడ్లకి డబ్బు కట్టడం తప్పనిసరి అనుకోకండి. గ్రీస్‌లో తీరం అందరిదీ. తువ్వాలు పరుచుకుని కూర్చుంటే ఎవరూ లేపకూడదు. పక్క దీవి పారోస్‌లో 2023లో సన్‌బెడ్లే బీచ్ అంతా ఆక్రమిస్తున్నాయని స్థానికులే తువ్వాళ్ళు పట్టుకుని ఉద్యమం చేశారు. అయినా అత్తగారి కోసం ఒకరోజు తీసుకోండి, నేల మీద కూర్చుని లేవడం కష్టం. ముందు వరస రేటు వేరు, వెనక వరస రేటు వేరు. కూర్చునే ముందే అడగండి.

ఇప్పుడు కొండ రోజులు. నాక్సోస్ వెళ్ళి బీచ్ దగ్గరే ఉండిపోయినవాళ్ళని చూస్తే, తిరుపతి వెళ్ళి అలిపిరిలో గది తీసుకుని తిరిగొచ్చినట్టు అనిపిస్తుంది నాకు.

కారు అద్దెకి తీసుకోండి, రెండు రోజులకి చాలు. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. బయల్దేరే ముందే మీ ఆర్టీవో ఆఫీసు నుంచి తెచ్చుకోండి. పాపకి సీటు అడగండి. నాలుగు చక్రాల మోటారు బండ్లు కూడా అద్దెకిస్తారు, గ్రీకువాళ్ళు వాటిని గురూనా అంటారు, అంటే పంది. మలుపుల్లో అవి బోల్తా కొట్టడం చూశాను, కుటుంబంతో వద్దు. కొండ దారులు సన్నం, మేకలు అడ్డం వస్తాయి, కానీ ట్రాఫిక్ ఉండదు. మన అరకు ఘాటు ఎక్కినవాళ్ళకి ఇది పెద్ద లెక్క కాదు.

ఖోరా నుంచి బయల్దేరితే ముందు సంగ్రీ దగ్గర దిమితర గుడి. క్రీ.పూ. ఆరో శతాబ్దంలో పాలరాయితో కట్టారు. ఆవిడ పంటల దేవత. గుడి కొండ మీదో కోటలోనో కాక సరిగ్గా పొలాల మధ్య ఉండడానికి కారణం అదే. ఆ తర్వాత క్రైస్తవులు దాన్నే చర్చిగా మార్చుకున్నారు. ఈమధ్య కాలంలో దొరికిన రాళ్ళన్నీ పేర్చి కొంతవరకు నిలబెట్టారు. అత్తగారు హాయిగా నడవగలరు, చుట్టూ చేలు, ఒక్క మాటా వినబడదు, అంత నిశ్శబ్దం.

అక్కడి నుంచి హల్కీ, ఆలివ్ తోటల మధ్య చిన్న ఊరు. 1896 నుంచి నడుస్తున్న వల్లిండ్రాస్ వాళ్ళ బట్టీ చూడండి. కీత్రో అనే తీపి మద్యం అక్కడ తీస్తారు. అది మన మాదీఫలం చెట్టు ఆకులతో చేసేది. అవును, పచ్చళ్ళకి వాడే ఆ కాయ చెట్టే, అక్కడ ఆకు పనికొస్తుంది. తాగకపోయినా రాగి పాత్రలు చూడొచ్చు, పాపకి అదే కాయతో చేసిన మిఠాయి కొనిపెట్టొచ్చు. దగ్గర్లో మోనీ ఊరి కింద పనయియా ద్రోసియానీ అనే రాతి చర్చి ఉంది. గూడులా చిన్నది. లోపలి బొమ్మలు ఏడో శతాబ్దం నాటివి. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళండి.

ఫిలోటీ ఊళ్ళో చౌకులో ప్లేన్ అనే జాతి పెద్ద చెట్టు, దాని కింద కాఫీ హోటళ్ళు. అత్తగారినీ పాపనీ మీలో ఒకరు అక్కడ కూర్చోబెట్టుకుంటే, ఇంకొకరు జాస్ శిఖరం ఎక్కి రావచ్చు. 1,004 మీటర్లు, సిక్లడీస్‌లో అంతకంటే ఎత్తు లేదు. అయియా మరీనా గుడి నుంచి కాలిబాట తేలిక, ఎక్కడానికి గంటన్నర. జాస్ అంటే గ్రీకు దేవతల రాజు జ్యూస్, ఆయన్ని ఇక్కడే పెంచారని నాక్సోస్ వాళ్ళు చెప్తారు, క్రీట్ వాళ్ళు ఒప్పుకోరు. గాలి ఎక్కువున్న రోజున ఎక్కొద్దు, పైన నిలబడనివ్వదు.

అపీరాంథోస్‌కి మాత్రం అర పూట ఇవ్వండి. వీధులన్నీ పాలరాయి, ఇళ్ళ గడపలు పాలరాయి. చలువగా, నున్నగా ఉంటాయి, అందుకే జారతాయి. అత్తగారికి గట్టి పట్టున్న బూట్లు వేయించండి, మెట్లు కాకుండా ప్రధాన వీధి చివరిదాకా నడిపించి ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టండి. ఈ ఊరి వాళ్ళ యాస వేరు, ఆశువుగా రెండు పాదాల పద్యాలు కట్టడంలో పేరున్నవాళ్ళు. వాటిని కొత్సాకియా అంటారు. పెళ్ళిళ్ళలో ఒకరిమీద ఒకరు విసురుకుంటారు, మన ఊళ్ళలో వియ్యాలవారి పాటల్లా. 1941 మే 30 రాత్రి ఏథెన్స్ అక్రోపోలిస్ ఎక్కి నాజీ జెండా దించేసిన ఇద్దరు కుర్రాళ్ళలో ఒకరైన మనోలిస్ గ్లేజోస్ పుట్టింది ఇక్కడే.

ఈ చుట్టుపక్కల కొండల్లో ఎమరీ అనే, సానబెట్టడానికి వాడే గట్టి రాయి గనులున్నాయి. ఓడ ఇంజిన్ రూములో ఎమరీ కాగితంతో ఎన్ని వాల్వులు రుద్దానో లెక్కలేదు, అది ఇక్కడి రాయి పేరు అని ఈ ఊరికి వచ్చాకే బుర్రకెక్కింది. ఎమరీకి ఆ గట్టిదనం ఇచ్చేది కోరండం అనే ఖనిజం. ఆ మాట వచ్చింది మన దక్షిణాది నుంచే, తమిళంలో కురుందం, మనకి కురువిందం. ఆ రాయిని తవ్వే హక్కు ఈ కొండ ఊళ్ళవాళ్ళకే ఉండేది. 1920లలో గనుల నుంచి ముత్సూనా రేవు దాకా గాల్లో తొట్లు నడిచే తీగదారి వేశారు. గనులు పడుకున్నా స్తంభాలు ఇంకా కొండ మీద వరసగా నిలబడే ఉన్నాయి. ముత్సూనా వైపు దిగితే దారి పొడుగునా కనిపిస్తాయి. అక్కడ ఒడ్డునే భోజనం, ఒక మునక.

ఇంక సగంలో ఆపేసిన వాటి సంగతి. అపోలోనాస్ ఊరి పైన పాత పాలరాతి గనిలో ఒక విగ్రహం వెల్లకిలా పడుకుని ఉంటుంది, పది మీటర్ల పైనే పొడవు. గడ్డం ఉంది కాబట్టి అది డయొనీసస్ దేవుడు అయ్యుంటాడంటారు. రాయి పగుళ్ళిచ్చిందో ఏమో, రెండున్నర వేల ఏళ్ళుగా అలాగే ఉన్నాడు. కంచె, టికెట్ ఏమీ లేవు. కానీ ఖోరా నుంచి కొండల మీదుగా గంటన్నర దూరం. అంత తిరగలేకపోతే మెలానెస్ దగ్గర ఫ్లేరియోలో ఇంకో విగ్రహం ఉంది, చిన్నది, కాలు విరిగింది, తోట గోడ పక్కన నీడలో పడుకుని ఉంటుంది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. మోస్తుండగా విరిగితే, దాన్ని చెక్కిన మనిషి ఎంత తిట్టుకుని ఉంటాడో అనిపిస్తుంది. డెలోస్ దీవిలో కనిపించే పాలరాతి సింహాలు, డెల్ఫీలో ఉన్న స్ఫింక్స్ (ఆడమనిషి తల, సింహం ఒళ్ళు) విగ్రహం నాక్సోస్ వాళ్ళు చేయించి ఇచ్చినవే. అవి దరికి చేరినవి, ఇవి చేరనివి.

అన్నిటికంటే పెద్ద అసంపూర్తి పని రేవులోనే ఉంది, మీరు ఓడ దిగకముందే కనిపిస్తుంది. పోర్తారా. ఒక్క ద్వారబంధం, గుడి లేదు. క్రీ.పూ. 530 ప్రాంతంలో లిగ్దమిస్ అనే పాలకుడు అపోలో దేవుడికి పెద్ద గుడి మొదలుపెట్టాడు. కొన్నేళ్ళకే అతన్ని దించేశారు, పని ఆగిపోయింది. తర్వాతి కాలంలో మిగతా రాళ్ళు పట్టుకుపోయి కోటలో ఇళ్ళలో వాడుకున్నారు. ఈ ద్వారం రాళ్ళు ఒక్కోటి 20 టన్నుల దాకా ఉంటాయి, ఎవరివల్లా కాలేదు, అందుకని మిగిలింది. ఆరు మీటర్ల ఎత్తు. సూర్యాస్తమయానికి ఊరంతా అక్కడే ఉంటుంది. అత్తగారితో అయితే పొద్దున్న ఎనిమిదికి వెళ్ళండి. దారి సముద్రం మధ్య కట్ట మీద, గాలి రోజున అల ఎగిరి పడి తడిపేస్తుంది.

ఖోరా కోటని 1207లో దీవిని పట్టుకున్న వెనిస్ దొర మార్కో సానుడో కట్టించాడు. కొండ మీద కేథలిక్ కేథడ్రల్, కింద ఆర్థడాక్స్ ఊరు, మధ్యలో గుహల్లాంటి సందులు. మీరు, పాప సాయంత్రం తప్పిపోవడానికి మంచి చోటు. అత్తగారు రేవు ఒడ్డున కూర్చుంటారు.

తిండి. శాకాహారి కదా ఏం తింటారో అన్న భయం వదిలేయండి, ఇండియా బయట అత్తగారిని తీసుకెళ్ళడానికి గ్రీస్ అంత తేలికైన చోటు తక్కువ. వాళ్ళకీ మనలాగే ఉపవాసాలున్నాయి. నిస్తీసిమో అని అడిగితే మాంసం, పాలు, గుడ్లు లేని ఉపవాసపు వంట అని అర్థం. కాకపోతే రొయ్యలు, పీతల్లాంటివి వాళ్ళ ఉపవాసంలో తినొచ్చు, అది గుర్తుంచుకుని అడగండి. ఫావా అంటే పసుపు పప్పు ముద్ద, ఆలివ్ నూనె, ఉల్లిపాయ, నిమ్మరసంతో. మా అమ్మ రెండు ముద్దలు తిని, ఇది మన ముద్దపప్పే, ఇంగువ మర్చిపోయారంది. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర. రెవీథియా అంటే సెనగలు. టమాటాల్లో, మిరపకాయల్లో అన్నం కూరి చేసే యెమిస్తాలో కొన్నిచోట్ల కీమా వేస్తారు. మాంసం లేని వాటిని ఓర్ఫనా అంటారు, అనాథలు అని. ఆ మాట వాడితే వడ్డించేవాళ్ళు మురిసిపోతారు. హోరీస్ క్రేయాస్ అంటే మాంసం వద్దు, హోరీస్ అవ్గో అంటే గుడ్డు వద్దు.

నాక్సోస్ ఆలుగడ్డకి గ్రీస్ అంతటా పేరు. హోటల్లో వేపుడు తెప్పించుకుంటే చేత్తో తరిగిన ముక్కలు, ఆలివ్ నూనెలో వేయించి పెడతారు. గ్రావియేరా జున్ను కూడా ఇక్కడిదే. కానీ సంప్రదాయంగా జున్నుని దూడ కడుపులోంచి తీసే పదార్థంతో తోడుపెడతారు. అత్తగారు అంత నిష్ఠ అయితే ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే బాధపడతారు.

వంటగది ఎందుకన్నానంటే పెరుగన్నం. సూపర్ మార్కెట్లో పెరుగు కొనేటప్పుడు అగెలాదోస్ అని రాసి ఉన్నది తీసుకోండి, అది ఆవుది. గొర్రె పాల పెరుగు బాగుంటుంది గానీ వాసన ఆవిడకి పడకపోవచ్చు. వడకట్టిన పెరుగు గట్టిగా ఉంటుంది, కాసిని నీళ్ళు కలిపితే మన పెరుగే. ఇంటి నుంచి ఒక చిన్న ఆవకాయ సీసా, కారప్పొడి, ఇంగువ తెచ్చుకోండి. రోజుకొక పూట ఇంట్లో, ఒక పూట బయట అనుకుంటే ఎవరికీ విసుగు రాదు. తాగడానికి సీసా నీళ్ళే వాడండి.

చిన్న సంగతులు రెండు మూడు. బస్సు టికెట్లు చాలావరకు ఎక్కకముందే కొనాలి, రేవు దగ్గర కౌంటర్ ఉంది. బాత్రూములో కాగితం కమోడ్‌లో వేయకూడదు, పక్కన బుట్టలో వేయాలి, పైపులు సన్నం. మనం నీళ్ళు వాడేవాళ్ళం కాబట్టి ఒక చెంబు లాంటిది పెట్టెలో పెట్టుకోండి, నవ్వుకున్నా సరే. మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర దాకా ఊళ్ళు నిద్రపోతాయి, గట్టిగా మాట్లాడరు. రాత్రి భోజనం తొమ్మిదికి మొదలవుతుంది. పాపకి ఆలస్యం అనుకుంటే ఏడుకే వెళ్ళండి, ఖాళీ హోటల్లో రాజుల్లా చూసుకుంటారు.

ఒకరోజు మిగిలితే చిన్న పడవ ప్రయాణం పెట్టుకోవచ్చు. దక్షిణాన కూఫోనీసియా లాంటి చిన్న దీవులకి పగటి పడవలు వెళ్తాయి, నీళ్ళ రంగు చూసి పాప కళ్ళు పెద్దవి చేస్తుంది. కానీ గాలి 3 లోపు ఉన్న రోజునే, అదీ అత్తగారిని ముందు అడిగి. ముందురోజు సాయంత్రం దాకా డబ్బు కట్టొద్దు.

చివరిది, నా తప్పు నుంచి. నాక్సోస్ నుంచి మధ్యాహ్నం ఫెర్రీ, ఆ రాత్రే ఏథెన్స్ నుంచి విమానం పెట్టుకున్నాను ఒకసారి. పొద్దున్నే అపగొరెఫ్తికో. ఓడ రాలేదు, విమానం వెళ్ళిపోయింది, టికెట్ల కంపెనీ వాళ్ళు ఫెర్రీ డబ్బు వెనక్కిచ్చారు గానీ విమానం సంగతి మాకు సంబంధం లేదన్నారు. వాళ్ళ మాట న్యాయమే, తెలివి నాకే లేదు. ఏజియన్ గురించి బోఫోర్ లెక్కలు చెప్పే మనిషి, తన టికెట్ దగ్గర లెక్క వేయలేదు. మీ ఐదు రాత్రుల తర్వాత ఏథెన్స్‌లో ఒక రాత్రి పెట్టుకోండి. లేదా నాక్సోస్‌లో నాలుగు చేసుకుని ఆ ఒక్కటీ అక్కడ పెట్టండి. విమానం ఏ రోజో, పాపకి ఈత వచ్చో రాదో రాస్తే రోజులవారీగా కూడా చెప్తాను.